శాతం సరే, హారంలో ఎవరున్నారు?

2025 పదో తరగతి ఫలితాల్లో మహబూబాబాద్ జిల్లా 99.29 శాతం ఉత్తీర్ణతతో తెలంగాణలో మొదట నిలిచింది. అంతకుముందు ఏడాది 99.05 శాతంతో ఆ స్థానం నిర్మల్‌ది. తండాలు, గూడేలు ఎక్కువగా ఉన్న జిల్లాలు ఇలా ముందుకు రావడం చిన్న సంగతేమీ కాదు. పొద్దున, సాయంత్రం ప్రత్యేక తరగతులు నడిపిన ఉపాధ్యాయుల కష్టం అందులో ఉంది. అయినా ఆ అంకె చూడగానే అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంటుంది. నూటికి తొంభై తొమ్మిది అంటే, ఏ నూటికి?

పరీక్ష రాసినవాళ్లలో నూటికి. ఎనిమిదిలో బడి మానేసి పత్తి ఏరబోయిన పిల్ల ఈ లెక్కలోకి రాదు. ఊహకు ఒక మండలం తీసుకుందాం. ఆరో తరగతిలో వెయ్యి మంది ఉన్నారు. పదో తరగతి పరీక్షకు 870 మంది కూర్చున్నారు, 861 మంది గట్టెక్కారు. పత్రికలో వచ్చేది 99 శాతం. ఆరో తరగతి నుంచి లెక్కిస్తే 86 శాతం. రెండూ నిజాలే. మొదటిది పరీక్షకు సిద్ధం చేయడంలో బడి పనితీరును చెబుతుంది. పిల్లల్ని చివరిదాకా నిలబెట్టుకోవడంలో చదువుల వ్యవస్థ పనితీరు కావాలంటే రెండోదే చూడాలి. పైగా మొదటి అంకె కోసం పోటీ పెరిగితే వెనకబడ్డ పిల్లల్ని నచ్చజెప్పి ఓపెన్ స్కూలుకు పంపడం సులువైన దారి అవుతుంది. హారంలో, అంటే భాగించే కింది అంకెలో, అలాంటి ఒకరు తగ్గితే శాతం దానంతటదే పెరుగుతుంది.

ఆరో తరగతి నుంచి లెక్కించడం కష్టమనే మాట కొంతవరకు నిజమే. పిల్లలు గురుకులాలకు పోతారు, హన్మకొండలోని ప్రైవేటు హాస్టళ్లకు పోతారు, మండలం లెక్క చెదురుతుంది. కానీ బడుల, విద్యార్థుల వివరాలు నమోదు చేసే కేంద్ర వ్యవస్థ యూడైస్‌లో ప్రతి విద్యార్థికీ శాశ్వత సంఖ్య ఉంది. టీసీ తీసుకున్న పిల్ల మరో బడిలో అదే సంఖ్యతో చేరిందా లేదా చూడొచ్చు. చేరకపోతే ఆ పేరు పాత బడి హారంలోనే ఉండాలి. ఇంటర్ ఫలితాలతో కలిపి చూస్తే ఇంకో విషయం బయటపడుతుంది. 2024లో పది రాసినవాళ్లలో 91.31 శాతం పాసయ్యారు. వాళ్లలో ఇంటర్ చేరినవాళ్లు 2025లో మొదటి ఏడాది పరీక్షలు రాశారు. ఆ పరీక్షల ఉత్తీర్ణత సుమారు 66 శాతం. ఏడాదిలో పిల్లల తెలివి అంత తగ్గిపోదు కదా. ఒక వ్యవస్థ బయటికి పంపిన ఫలితాన్ని ఆ తర్వాతి వ్యవస్థ ముంగిట కొలిస్తేనే దాని అసలు బలం తెలుస్తుంది.

బడి, ఆసుపత్రి, నల్లా నీళ్లు, పొదుపు సంఘం, ఉపాధి పని, వీటిలో దేని పనితీరు కొలవాలన్నా ముందు తేల్చాల్సినవి మూడున్నాయి. ఆ వ్యవస్థ ఎందుకుంది, ఎవరి కోసం ఉంది, లెక్క ఎవరు రాస్తున్నారు. మొదటి దాని మీద సదస్సులు జరుగుతుంటాయి. మూడో దాని మీద అప్పుడప్పుడు గొడవ జరుగుతుంది. రెండోదాన్ని, అంటే హారాన్ని, ఎవరూ పట్టించుకోరు. మోసం ఎక్కువగా జరిగేది అక్కడే. చాలాసార్లు అది ఎవరూ తలపెట్టని మోసం.

కిస్తీ కట్టారు, డబ్బు ఎక్కడిది?

ఒక అంకె ఎంత ఘోరంగా తప్పుదారి పట్టించగలదో వరంగల్‌కు బాగా తెలుసు. 2010కి ముందు మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్లు 95 శాతానికి పైనే ఉండేవి. పెట్టుబడిదారులు, బ్యాంకులు ఆ అంకెనే ఆరోగ్యానికి గుర్తుగా తీసుకున్నారు. పేదలు అప్పు ఎగ్గొట్టరు, కాబట్టి వాళ్లకు మేలు జరుగుతోందన్నది వాదన. ఊళ్లలో జరుగుతున్నది వేరు. వారం వారం కిస్తీ, ఐదుగురికీ ఉమ్మడి జామీను. ఒకామె కట్టలేకపోతే మిగతా నలుగురూ కట్టాలి. ఆ నలుగురి ముందు తల దించుకోలేక ఆమె ఇంకో కంపెనీ దగ్గర తీసుకునేది, అదీ చాలకపోతే పొదుపు సంఘం అప్పు, ఆ తర్వాత వడ్డీ వ్యాపారి. కంపెనీ పుస్తకంలో మాత్రం అన్నీ సమయానికి వచ్చిన వసూళ్లే. ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఈ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. కొత్త అప్పు ఆగగానే పాత వసూళ్లు కొద్ది నెలల్లో కుప్పకూలాయి. అప్పుతో అప్పు తీరుతోందనడానికి అదొక గుర్తు.

ఇక్కడ హారం, ఆ వారం రావాల్సిన కిస్తీల మొత్తం. అది కంపెనీకి పనికొచ్చే హారం. కుటుంబానికి పనికొచ్చే హారం ఆ ఇంటి నెల ఆదాయం. అన్ని చోట్లా కట్టాల్సిన కిస్తీలు కలిపి ఆ ఆదాయంలో ఎంత వంతు? ఇంత లెక్క కూడా వద్దనుకుంటే ఒక్క ప్రశ్న చాలు: ఈసారి కిస్తీ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు? కూలి, పంట, అమ్మిన మేక లేదా బంగారం, ఇంకో అప్పు. ఈ నాలుగింట్లో చివరి రెండూ పెరుగుతుంటే వసూళ్లు 99 శాతం ఉన్నా వ్యవస్థ జబ్బున పడ్డట్టే. ఈరోజు మహిళా సంఘాల బ్యాంకు లింకేజీ రుణాలకూ ఇదే ప్రశ్న వేయాలి. సంఘానికి గ్రేడు ఇచ్చేటప్పుడు పంచసూత్రాలు చూస్తారు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు. ఐదూ మంచివే. కానీ చెల్లింపు సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఆ ఐదింట్లో లేదు.

1956లో మొదలైన ముల్కనూరు సహకార సంఘాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. ఇప్పుడది హన్మకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ఉంది. అప్పు ఇచ్చే సంఘమే విత్తనం ఇస్తుంది, పంట కొంటుంది, మిల్లు ఆడిస్తుంది. రైతు బాకీ పంట డబ్బులోంచే తీరుతుంది. అక్కడ వసూళ్ల శాతం బాగుందంటే పంట చేతికొచ్చిందని, ధర పలికిందని అర్థం. కంపెనీ వసూళ్లూ, ముల్కనూరు వసూళ్లూ కాగితం మీద ఒకేలా కనిపించవచ్చు. డబ్బు నడిచిన దారి తెలియకుండా రెండింటినీ ఒక పట్టికలో పెట్టి ర్యాంకులిస్తే ఆ పట్టిక అబద్ధం చెప్పినట్టే.

చివరి నల్లా

జల్ జీవన్ మిషన్ లెక్కల్లో అందరికంటే ముందు నూరు శాతం ఇండ్లకు నల్లా ఇచ్చిన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. మిషన్ భగీరథ పైపులు అంతకుముందే వేసి ఉండటం దానికి కారణం. ఆ పని గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు. కానీ 'పనిచేసే నల్లా'కు కేంద్రం ఇచ్చిన నిర్వచనంలో మూడు షరతులున్నాయి: మనిషికి రోజుకు 55 లీటర్లు, తాగునీటి ప్రమాణానికి తగిన నాణ్యత, క్రమం తప్పని సరఫరా. భగీరథ గ్రామాలకు పెట్టుకున్న లక్ష్యం ఇంకా ఎక్కువ, మనిషికి 100 లీటర్లు. నలుగురున్న ఇంటికి 400 లీటర్లు, అంటే బిందెకు పదిహేను లీటర్ల చొప్పున ఇరవై ఆరు బిందెలకు పైన. 55 లీటర్ల లెక్కనైనా దాదాపు పదిహేను బిందెలు.

దీన్ని కొలవాల్సిన చోటు ట్యాంకు దగ్గర కాదు, లైను చివరి నల్లా దగ్గర. ట్యాంకు పక్క వీధిలో ఒత్తిడి బాగుంటుంది, కొందరు మోటారు బిగించి లాగుతారు, ఎత్తు మీదున్న చివరి వాడలో సన్న ధార వస్తుంది. క్లోరిన్ సంగతీ అంతే. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ చివరి నల్లాలో మిగిలి ఉండాలి. ట్యాంకులో పరీక్ష చేసి రిజిస్టరులో రాసుకుంటే మధ్యలో పగిలిన పైపు, మురికి కాలువలో మునిగిన వాల్వు ఎప్పటికీ దొరకవు. పరీక్ష కిట్టులో చుక్క వేస్తే పసుపు రంగు తేలాలి, తేలకపోతే ఆ లైను వెంట వెనక్కి నడుచుకుంటూ పోవాలి. ఇంకో కొలత ఇంటి గుమ్మంలోనే కనిపిస్తుంది. నల్లా ఉన్న ఇంట్లో ఇరవై లీటర్ల డబ్బా నీళ్లు కొంటున్నారా? కొంటున్నారంటే ఆ కుటుంబం నల్లా నీళ్లకు తన తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు అపోహ మీద కూడా ఆధారపడి ఉండవచ్చు. అయినా డబ్బా ఖర్చు వ్యవస్థ వైఫల్యం కిందే రాయాలి, ఎందుకంటే నమ్మకం కలిగించడం కూడా దాని పనే.

సాగునీటి వాళ్లు ఈ విషయంలో కాస్త నిజాయితీపరులు. సృష్టించిన ఆయకట్టు ఎంత, నిజంగా నీళ్లు పారింది ఎంత, ఈ రెండింటి మధ్య తేడాకు వాళ్ల దగ్గర 'గ్యాప్ ఆయకట్టు' అనే పేరుంది. కాకతీయ కాలువ చివరి రైతుకు యాసంగిలో ఎన్ని తడులు అందాయో అడిగితే కాలువ సంగతంతా తెలిసిపోతుంది. బడికి, ఆసుపత్రికి అలాంటి మాట మనం ఇంకా పుట్టించుకోలేదు.

ఏడు చావులతో ర్యాంకులా?

ఆరోగ్యంలో హారం మూడు రకాలుగా జారుతుంది. మొదటిది నమోదు. సబ్‌సెంటర్ పరిధి జనాభా 5,000, జనన రేటు వెయ్యికి 16 అనుకుంటే ఏడాదికి 80 కాన్పులు. గర్భస్రావాల కింద పది శాతం కలిపితే 88 మంది గర్భిణులు ఉండాలి. రిజిస్టరులో 60 పేర్లే ఉండి, ఆ అరవై మందికీ పరీక్షలన్నీ జరిగితే నివేదికలో నూరు శాతం. మిగతా 28 మంది వలస పోయారా, ప్రైవేటుకు పోయారా, అసలు ఎవరి కంటా పడలేదా? ములుగు, భూపాలపల్లి అడవుల్లోని గొత్తికోయ ఆదివాసుల గూడేలు కొన్ని ఏ పంచాయతీ ఇండ్ల జాబితాలోనూ సరిగా ఉండవు. అందరికంటే ఎక్కువ అవసరం ఉన్నవాళ్లే హారం బయట ఉంటారు.

రెండోది రిఫరల్. ఏరియా ఆసుపత్రిలో చెయ్యి దాటిన కేసును వరంగల్‌లోని పెద్దాసుపత్రి ఎంజీఎంకు పంపిస్తారు. అక్కడ ప్రాణం పోతే ఆ మరణం ఎంజీఎం పేరిట పడుతుంది, పంపిన ఆసుపత్రి లెక్క శుభ్రంగా ఉంటుంది. ఆలస్యంగా పంపిన ఆసుపత్రి మంచిదిగా, వచ్చిన ప్రతి కేసునూ తీసుకున్న ఆసుపత్రి చెడ్డదిగా తేలుతుంది. మరణం ఎక్కడ జరిగిందని కాకుండా రోగి ఏ ఊరి మనిషి, మొదట ఏ గడప తొక్కారు, అక్కడ ఎన్ని గంటలు ఆగారు అన్న లెక్కతో చూడాలి.

మూడోది అందరూ మరిచిపోయేది: చిన్న అంకెలు. 2018-20 నమూనా లెక్కల ప్రకారం తెలంగాణలో లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు 43. ఏడాదికి 15,000 కాన్పులు జరిగే జిల్లాలో ఆ లెక్కన ఆరేడు మరణాలు. వైద్యం ఏమాత్రం మారకపోయినా ఒక ఏడాది మూడు, ఇంకో ఏడాది పదకొండు కావడం గణాంకాల ప్రకారం మామూలే. మూడు వచ్చిన ఏడాది సన్మానం, పదకొండు వచ్చిన ఏడాది మెమో. పాచికలు వేసి జీతాలు పెంచినట్టుంటుంది ఇది. రాష్ట్రం మొత్తానికే మూడేళ్లు కలిపి లెక్క వేస్తుంటే, జిల్లాలను ఏడాదికోసారి ఎలా పోలుస్తాం? 2016 అక్టోబర్‌లో పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి, 2019లో ముప్పై మూడు. పాలన దగ్గరైంది, హారాలు చిన్నవయ్యాయి, అంకెల ఊగిసలాట పెరిగింది. ఇంత తక్కువ మరణాలున్నప్పుడు ర్యాంకు పక్కన పెట్టి ఒక్కో మరణాన్నీ విడిగా విచారించాలి: ఇంట్లో నిర్ణయం ఆలస్యమైందా, బండి ఆలస్యమైందా, ఆసుపత్రికి చేరాక రక్తమో డాక్టరో ఆలస్యమా.

సర్వేలకూ హద్దులున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో సగటున జిల్లాకు సుమారు 900 ఇండ్లు వచ్చాయి. అందులో కొలిచిన చిన్నపిల్లలు 250 మంది అనుకుంటే, ఎదుగుదల లోపం 33 శాతం అని వచ్చిన అంకె అసలు 27 కావచ్చు, 39 కావచ్చు. పక్క జిల్లాలో 36 వచ్చిందని సంబరపడటానికీ, కుంగిపోవడానికీ ఏమీ లేదు. రాష్ట్రం మొత్తానికైతే అదే సర్వే గట్టిగా మాట్లాడుతుంది. ఆసుపత్రి కాన్పులు 97 శాతం, సిజేరియన్లు 60.7 శాతం, దేశంలోనే ఎక్కువ. ఆసుపత్రిలో కాన్పు అన్న ఒక్క కొలతనే పట్టుకుని నడిస్తే మొదటిది విజయం. తల్లికి అక్కర్లేని కోత లేకుండా కాన్పు కావడం అన్నది లక్ష్యంలో చేర్చి ఉంటే రెండోది అప్పుడే గంట కొట్టేది.

ఇన్ని కొలతల్ని కలిపి ఒకే మార్కు చేయడం అసలు ప్రమాదం. భూపాలపల్లి, ఆసిఫాబాద్ ఉన్న ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమం (వెనకబడిన జిల్లాల కోసం కేంద్రం పెట్టినది) 2018లో మొదలైనప్పుడు 49 సూచికలు పెట్టారు. ఆరోగ్యం, పోషణకు 30 శాతం, చదువుకు 30, సాగు, నీటికి 20, ఆర్థిక సేవలు, నైపుణ్యాలకు 10, మౌలిక వసతులకు 10. ఈ తూకం ప్రకృతి ఇచ్చింది కాదు, మనుషుల నిర్ణయం. ఒక జిల్లాకు ఆరోగ్యంలో 70, చదువులో 50, ఇంకో జిల్లాకు 60, 62 అనుకోండి. సమాన తూకమైతే రెండో జిల్లా ముందుంటుంది. ఆరోగ్యానికి రెట్టింపు తూకమిస్తే మొదటిది ముందుకొస్తుంది. ఊళ్లో ఏమీ మారలేదు. నెల నెలా మార్పును బట్టి ర్యాంకు ఇస్తే ఇంకో చిక్కు: గత నెల తప్పుగా ఎక్కిన డేటాను ఈ నెల సరిదిద్దితే అదీ ప్రగతే అవుతుంది.

లెక్క మీద ఏదైనా ఆధారపడి ఉందని తెలిస్తే అధికారులే కాదు, జనం కూడా లెక్కను మార్చుకుంటారు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ప్రాంతంలో సుమారు 83 లక్షల కుటుంబాలు. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో జరిపిన సమగ్ర కుటుంబ సర్వేలో అవి కోటి దాటాయి. మూడేళ్లలో అన్ని కొత్త పొయ్యిలు వెలగలేదు. కార్డు, పింఛను, ఇల్లు కుటుంబం లెక్కన వస్తాయన్న మాట అప్పటికే ఊరూరా ఉంది. తప్పు జనానిది అనలేం. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970ల్లోనే హెచ్చరించాడు: ఒక అంకె మీద ఎన్ని నిర్ణయాలు ఆధారపడితే ఆ అంకె అంతగా చెడుతుంది.

లెక్క ఎవరి చేతిలో?

ఈ విషయంలో తెలుగు నేలకు మంచి అనుభవమే ఉంది. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైంది, 2009లో దానికి ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. పని చేయించే శాఖ ఒకటి, తనిఖీ చేసే సంస్థ ఇంకొకటి. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), కొలతల పుస్తకాలు, చెల్లింపు వివరాలు తెచ్చుకుని, శిక్షణ పొందిన ఊరి యువకులు ఇల్లిల్లూ తిరిగి 'నువ్వు ఇన్ని రోజులు పనికి పోయినట్టుంది, నిజమేనా, డబ్బు ఎంత ముట్టింది' అని అడుగుతారు. తేలింది గ్రామసభలో చదువుతారు, తర్వాత మండల ప్రజావేదికలో అధికారుల ముందు పెడతారు. కాజేసిన సొమ్ము తిరిగి రాబట్టడం మాత్రం ఎప్పుడూ కుంటినడకే.

దీనికీ హారం దోషం తప్పలేదు. తనిఖీ చూసేది మస్టరులో పేరున్నవాళ్లను. పని అడిగి దొరకనివాళ్లు ఎక్కడ? పని అడిగితే తేదీ వేసి రశీదు ఇవ్వాలని ఉపాధి హామీ చట్టం చెప్పింది. పని ఉన్నప్పుడే 'డిమాండ్' కంప్యూటర్లో ఎక్కిస్తే అడిగినవాళ్లకూ ఇచ్చినవాళ్లకూ తేడా ఉండదు, నూటికి నూరూ కనిపిస్తుంది. సోమవారం సోమవారం అధికారులు జనం దగ్గర తీసుకునే ప్రజావాణి అర్జీలదీ ఇదే బాపతు. సంబంధిత శాఖకు పంపినా, తిరస్కరించినా 'పరిష్కారం' కింద రాస్తే శాతం పెరుగుతుంది, అర్జీదారు మళ్లీ సోమవారం వరుసలో నిలబడతాడు. అదే మనిషి అదే పనికి ఎన్నోసారి వచ్చాడన్నది లెక్కిస్తే పరిష్కారం రంగు తెలిసిపోతుంది.

మండల స్థాయిలో ఈ లెక్కను తక్కువ ఖర్చుతో తీసే పద్ధతి ఉంది. 1920ల్లో ఫ్యాక్టరీల్లో సరుకు నాణ్యత చూడటానికి పుట్టి, తర్వాత ప్రజారోగ్యంలోకి వచ్చింది. మండలాన్ని ఐదు ప్రాంతాలు చేసి, ఒక్కో ప్రాంతంలో 19 ఇండ్లు తీసుకోవాలి. లక్ష్యం 80 శాతం అనుకుంటే 19లో 13 ఇండ్లకు సేవ అందితే ఆ ప్రాంతం లక్ష్యం చేరినట్టు, 12 లేదా అంతకు తక్కువైతే చేరనట్టు. నిజంగా 80 శాతం ఉన్న ప్రాంతాన్ని పొరపాటున తప్పించే అవకాశం నూటికి ఏడు. సగమే ఉన్న ప్రాంతం పొరపాటున గట్టెక్కే అవకాశం నూటికి ఎనిమిది. ఐదూ కలిపితే 95 ఇండ్లు, మండలం మొత్తానికి పది శాతం అటూ ఇటూగా అంచనా వస్తుంది.

ఇండ్లు ఎంచడంలోనే పని చెడుతుంది. జాబితా శాఖ లబ్ధిదారులది కాకూడదు, పంచాయతీ ఇండ్ల జాబితా కావాలి, అందులో లేని తండా, గూడెం ఇండ్లను ముందే నడిచి చేర్చుకోవాలి. ఒక ప్రాంతంలో 1,140 ఇండ్లుంటే 19తో భాగిస్తే 60. ఒకటి నుంచి 60 లోపు చీటీ తీస్తే 23 వచ్చిందనుకుంటే 23, 83, 143, ఇలా పోవాలి. సర్పంచ్ చూపించిన వీధి, అంగన్వాడీ టీచర్ పిలిచిన ఇల్లు పనికిరావు. తాళం వేసి ఉంటే పక్కింటికి పోకూడదు. పొద్దున తాళమున్న ఇల్లు చాలావరకు కూలికి పోయినవాళ్లది. మిర్చి కోతల నెలల్లో అయితే ఊరి సగం అలాగే ఉంటుంది. పక్కింటితో నింపారంటే పేదవాళ్లు మళ్లీ హారంలోంచి జారినట్టే. సాయంత్రం మళ్లీ పోవాలి, మరునాడు ఇంకోసారి పోవాలి, అప్పటికీ లేకపోతే 'అందలేదు' అని కాకుండా 'కలవలేదు' అని విడిగా రాసి, ఆ సంఖ్యనూ చెప్పాలి.

అడిగేది అభిప్రాయం కాకూడదు. 'నీళ్లు బాగా వస్తున్నాయా' అంటే వచ్చినవాళ్ల మొహం చూసి జవాబిస్తారు. 'నిన్న నల్లా ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని బిందెలు నిండాయి' అంటే అంకె చెబుతారు. అడిగేవాళ్లు ఆ మండలం వాళ్లు కాకుండా పక్క మండలం వాళ్లయితే మేలు. ఇద్దరుంటే ఒక ప్రాంతం ఒక రోజులో అవుతుంది, తాళాల కోసం రెండో రోజు కొంత పోతుంది. ఫలితాన్ని గ్రామసభ బోర్డు మీద '19లో 11' అనే రాయాలి. 58 శాతం అని రాయకూడదు, పంతొమ్మిది ఇండ్లకు అంత కచ్చితత్వం లేదు. జిల్లా ఆఫీసులో పట్టిక నింపేవాళ్లు దాన్ని శాతం చేసి పంపమని అడుగుతారు. అప్పుడైనా పక్కన ఆ పంతొమ్మిది ఉండాలి.